రాసిందెవరు?

మేము జూలూరుపాడు మండలంలో బడి పంతుళ్ళం, కోయ బిడ్డలం. కొన్నేళ్ళ కింద తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి పత్తి ఏరే కాలంలో బడి మానేసింది. ఇంటికి వెళ్ళి అడిగితే పెళ్ళి కుదిరిందన్నారు. "దేవుడు రాసిందే గదా సారూ, మనం తప్పిస్తమా?" అన్నాడు తండ్రి. వాళ్ళిచ్చిన చాయ తాగి తిరిగొచ్చాం. దేవుడి పేరెత్తాక ఎదురాడటం మర్యాద కాదనిపించింది. గడప లోపల నిలబడ్డ పిల్లను మేమూ ఏమీ అడగలేదు.

ఆ మాట మమ్మల్ని వదల్లేదు. అన్నీ దేవుడే నిర్ణయిస్తే మనిషి చేతిలో ఏముంది? మనిషే నిర్ణయించుకుంటే దేవుడెందుకు? ఉపాధ్యాయ శిక్షణలో చదివిన పుస్తకాల్లో ఈ ప్రశ్న లేదు.

అసలు నుదుటి రాత మన ఇంటి మాటేనా? మన తాతలు అక్షరం రాసినవాళ్ళు కాదు. మన వేల్పుల కథ పడిగె మీది బొమ్మల్లో, డోలి వాయించి పాడేవాళ్ళ గొంతులో ఉంది. 2022లో పద్మశ్రీ అందుకున్న మణుగూరు మండలం సకిని రామచంద్రయ్య గారు అలా పాడినవారే.

సమ్మక్క కథనే చూడండి. కరువొచ్చింది, పంట లేదు. కాకతీయ రాజు కప్పం కట్టమన్నాడు. పగిడిద్దరాజు కట్టలేనన్నాడు. సైన్యం వచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ నేలకొరిగారు. జంపన్న సంపెంగవాగులో ప్రాణం విడిచాడు. సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి కనబడకుండా పోయింది. కరువు వాళ్ళు తెచ్చుకున్నది కాదు, సైన్యమూ కాదు. ఆ రెంటి నడుమ లొంగకపోవడం మాత్రం వాళ్ళదే. అదీ ముందే రాసి ఉంటే, రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి మేడారం దాకా బెల్లం మోసేది ఎవరి తెగువ చూసి?

ఈ మాటంటే మా ఊరి పెద్దాయన ఒప్పుకోలేదు. తల్లి పుట్టుకతోనే దేవత, పులుల మధ్య దొరికింది, జరగబోయేదంతా ఆమెకు తెలుసు అన్నాడు. కావచ్చు. కానీ వేటకెళ్ళిన మనవాళ్ళు ఆ పసిదాన్ని ఎత్తుకొచ్చి పెంచారు. అడవిలోనే వదిలేసి రావచ్చు, వదల్లేదు. దేవతైనా ఆ రోజు మనుషుల చేతుల్లోనే ఉంది.

భూమి పండుగనాడు విత్తనాలు వేల్పు ముందు పెడతాం. వాన కురవాలని మొక్కుతాం. కలుపు తియ్యమని ఎవరమూ మొక్కం.

ఈ ఏడు దసరా సెలవుల తరవాత ఇంకో ఇంట్లో అదే మాట విన్నాం. ఈసారి లేచి రాలేదు. "మామా, సంబంధం మాట్లాడింది నువ్వు. రోజు పెట్టింది మీ అన్నదమ్ములు. ఇందులో దేవుడు రాసిందేది?" అని అడిగాం. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే కేసవుతుందనీ చెప్పాం. కానీ ఆయన తల దించుకున్నది చట్టం విని కాదు, మొదటి మాటకే. తరవాత పిల్లను అడిగాం. చాలాసేపు మాట్లాడలేదు. "పది పరీక్ష రాస్త సారూ" అంది.

తండ్రి ఇంకా ఒప్పుకోలేదు. ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం.