డాక్టరుగారి బండి

పాత కార్ల ప్రకటనల్లో తరచూ కనిపించే మాట ఒకటుంది: "డాక్టరుగారి బండి. సింగిల్ ఓనర్." హైదరాబాద్‌లో కన్సల్టెన్సీకి వెళ్లినా, విజయవాడలో తెలిసినవాళ్లను అడిగినా ఈ మాట చెవిన పడకుండా బేరం మొదలవదు. ఇంటికీ ఆసుపత్రికీ తప్ప తిప్పి ఉండరు, సర్వీసింగు తేదీ దాటనిచ్చి ఉండరు, ఖర్చుకు వెనకాడి ఉండరు అన్న హామీ అంతా ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంటుంది. కొనేవాడికి కావలసిందీ అదే. ఇన్నేళ్లూ ఈ బండిని ఎవరో ఒకరు మనసుపెట్టి చూసుకున్నారని తెలియాలి.

మొదటి కారుగా చిన్న మారుతి కొనేవాడికి ఆ హామీ కాస్త అటూ ఇటూ అయినా గడిచిపోతుంది. దాని స్పేరు పార్టులు మండల కేంద్రంలో కూడా దొరుకుతాయి. కళ్లు మూసుకుని దాన్ని విప్పి బిగించే మెకానిక్ ప్రతి షెడ్డులోనూ ఉంటాడు. పాత హోండా సివిక్ మీదో, స్కోడా ఆక్టేవియా మీదో మనసుపడ్డ కుర్రాడి సంగతి అలా కాదు. ఉద్యోగంలో చేరి కూడబెట్టిన మొదటి డబ్బుతో పదేళ్లు తిరిగిన బండి కొంటానంటే తండ్రి ఒక పట్టాన ఒప్పుకోడు. "ఆ డబ్బుకు కొత్తదే వస్తుంది కదరా, నాలుగేళ్లు బానెట్ ఎత్తే పనుండదు" అంటాడు. తండ్రి మాటలో న్యాయం ఉంది. కొడుకు కోరికలోనూ ఉంది. దాన్ని కుర్రతనమని కొట్టిపారేయనక్కర్లేదు.

ఎత్తు తక్కువగా, బరువంతా నేలకు దగ్గరగా ఉండే సెడాన్ మలుపులో ఒరిగిపోదు. శ్రీశైలం ఘాట్‌లోనో అరకు దారిలోనో వరసగా వచ్చే వంకరల్లో స్టీరింగ్ ఎంత తిప్పితే బండి అంతే తిరుగుతుంది. చక్రాల కింద రోడ్డు ఎలా ఉందో చేతులకు తెలుస్తుంది. కారు నడపడమంటే ఏమిటో నేర్పే బండి అది. కొత్త బండ్లలో ఆ జాతి పలచబడిపోయింది. షోరూముల నిండా ఎస్‌యూవీలే. 1.5 లీటర్ల టర్బోతో ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 2022లో, 160 పీఎస్ శక్తితో వెర్నా టర్బో 2023లో వచ్చి ఆ లోటు కొంత తీర్చాయి గాని, మొదటి జీతాలవాడికి అవి కూడా దూరమే. 2025లో స్కోడా మళ్లీ తెచ్చిన ఆక్టేవియా ఆర్‌ఎస్ అయితే దేశం మొత్తానికి 100 బండ్లే, ధర దాదాపు 50 లక్షలు. కాబట్టి ఈ ముచ్చట తీరాలంటే పాత బండ్ల దగ్గరికే వెళ్లాలి.

అక్కడ మొదట ఎదురయ్యేది సివిక్. 2006లో మన దేశానికి వచ్చింది. 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను, 132 పీఎస్. డాష్‌బోర్డు రెండంతస్తులు. పైన అంకెల్లో వేగం, కింద ముల్లుతో ఇంజను చుట్ల లెక్క. ఆ రోజుల్లో దాన్ని చూడడానికే జనం కిటికీలోంచి తొంగిచూసేవారు. 2013లో అమ్మకం ఆగింది. 2019లో కొత్త రూపంలో తిరిగొచ్చి, 2020 డిసెంబరులో గ్రేటర్ నోయిడా ఫ్యాక్టరీ మూతపడడంతో వెళ్లిపోయింది. టైమింగ్ బెల్టు బదులు చెయిన్ ఉన్న ఇంజను గనక, నూనె వేళకు మారుస్తూ వస్తే ఏళ్ల తరబడి మాట్లాడకుండా పనిచేస్తుంది. మొదటి కారుగా స్పోర్ట్స్ సెడాన్ కావాలనేవాళ్లకు మాన్యువల్ గేర్ల సివిక్‌ను మించిన సలహా లేదు.

దాని కష్టమంతా పొట్టతోనే. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2,700 మిల్లీమీటర్ల దూరం. అంత పొడవు బండి కిందికి దిగి ఉంటే మన కాలనీల స్పీడ్ బ్రేకర్లు ఊరుకోవు. ఐదుగురు ఎక్కితే నడుము నేలకు రాసుకుంటుంది. సివిక్ ఉన్నవాళ్లు స్పీడ్ బ్రేకర్‌ను ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నీ విడివిడిగా ఎక్కించి దించుతారు. అందుకే ఈ బండిని నిలబడి చూస్తే సగమే చూసినట్టు. ర్యాంపు మీదికెక్కించి కిందినుంచి చూడాలి. ఆయిల్ సంపు సొట్టపడిందా, సైలెన్సర్ గొట్టం నలిగిందా, బుష్షులు చిరిగాయా, షాక్ అబ్జార్బర్ల మీద నూనె తడి ఉందా అన్నవి అక్కడే తెలుస్తాయి. గతుకుల్లో నెమ్మదిగా నడిపి స్టీరింగ్ దగ్గర టకటకమంటుందేమో వినాలి. అమెరికాలో 2006 నుంచి వచ్చిన తొలి మోడళ్లలో కొన్నిటికి ఇంజను బ్లాకే పగిలి కూలెంట్ కారడంతో హోండా వారంటీ పొడిగించాల్సి వచ్చింది. ఇక్కడ కూడా బ్లాకు పక్కన కూలెంట్ ఎండిన తెల్ల మరక ఉందేమో టార్చి వేసి చూడడం మంచిది.

ఇంకొకటి ప్రాణానికి సంబంధించింది. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో గాలి నింపే లోహపు డబ్బా పేలి, ముక్కలు మనిషి మీదికి ఎగిరిన ప్రమాదాలు లోకమంతా చూసింది. హోండా మన దేశంలోనూ సివిక్, సిటీ వంటి బండ్లను వెనక్కి పిలిచి ఆ భాగాన్ని ఉచితంగా మార్చింది. ఛాసిస్ నంబరు ఇస్తే ఫలానా బండికి ఆ పని జరిగిందో లేదో కంపెనీ వెబ్‌సైటులోనే తెలుస్తుంది. చేతులు మారిన పాత బండికి రీకాల్ ఉత్తరం మొదటి ఓనరు పాత చిరునామాకే పోయి ఉండొచ్చు. బేరం కుదరకముందే అడగవలసిన సంగతి ఇది.

ఆక్టేవియాది వేరే కథ. 2013లో వచ్చిన 1.8 టీఎస్‌ఐ నడిపినవాడికి చాలాకాలం ఇంకే బండీ నచ్చదు. 180 పీఎస్ ఇంజను, ఏడు గేర్ల ఆటోమేటిక్, తొక్కగానే వీపు సీటుకు అతుక్కునే పికప్. ఆ గేర్‌బాక్సు గురించి మాత్రం కొనేవాడు కొంత చదువుకుని వెళ్లాలి. దానికి డీఎస్‌జీ అని పేరు. లోపల రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి, మూడు, ఐదు, ఏడు గేర్లు ఒక క్లచ్ చూసుకుంటే రెండు, నాలుగు, ఆరు రెండోది చూసుకుంటుంది. ఒక గేరు నడుస్తుండగానే తర్వాతి గేరు సిద్ధంగా ఉంటుంది గనక మారినట్టే తెలియదు. ఈ రకంలో ఆ క్లచ్‌లు నూనెలో మునిగి ఉండవు, పొడిగా ఉంటాయి. ఖాళీ హైవే మీద దానికి ఏ బాధా లేదు. అమీర్‌పేటలోనో బెంజ్ సర్కిల్ దగ్గరో సాయంత్రం ఆరింటికి అడుగులో అడుగు వేస్తూ పాకేటప్పుడు క్లచ్ పూర్తిగా పట్టుకోదు, పూర్తిగా వదలదు. రాసుకుంటూ వేడెక్కి అరిగిపోతుంది. దాన్ని నడిపించే మెకట్రానిక్ యూనిట్ కూడా పాడవడం ఉంది. 2013లో ఈ గేర్‌బాక్సు ఫిర్యాదులతోనే ఫోక్స్‌వ్యాగన్ చైనాలో 3,84,181 బండ్లను వెనక్కి పిలిచింది.

అంతమాత్రాన ఆక్టేవియా ముఖం చూడకూడదని కాదు. ఎలా చూడాలో తెలియాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట ట్రాఫిక్‌లో తిప్పాక మరోసారి ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడు వణుకుతుందేమో గమనించాలి. చిన్న ఎత్తు మీద బ్రేకు వదిలి అది పాకే తీరు చూడాలి. గేర్‌బాక్సుకు ఏ పని జరిగినా బిల్లు ఉండాలి. 1.4 టీఎస్‌ఐ మాన్యువల్ దొరికితే ఈ బెంగే ఉండదు. 140 పీఎస్ మొదటి కారుకు తక్కువేమీ కాదు. 2017లో 500 మాత్రమే తెచ్చిన ఆర్‌ఎస్ 230లో నూనెలో మునిగే క్లచ్‌ల గేర్‌బాక్సు ఉంది. అది అడపాదడపా అమ్మకానికి వస్తుంది, వచ్చినప్పుడు దాని ధరా అలాగే ఉంటుంది.

ఇలాంటి బండ్లకు ఉన్న ఇంకో గండం రీమ్యాపింగ్. ల్యాప్‌టాప్ తగిలించి ఇంజను కంప్యూటర్‌లో లెక్కలు మారిస్తే టర్బో బండికి బలం అమాంతం పెరుగుతుంది. పొడి క్లచ్‌ల డీఎస్‌జీ మోయగల గరిష్ఠ టార్క్ 250 న్యూటన్ మీటర్లు. స్కోడా కూడా 1.8 ఇంజనును సరిగ్గా అక్కడికే కట్టేసి అమ్మింది. ఆ కట్టు తెంచి రెండేళ్లు పరుగులు పెట్టించి, అమ్మే ముందు మళ్లీ పాత లెక్కలు వేసి, తుడిచి పెట్టిన బండి బయటికి పెళ్లికొడుకులా కనిపిస్తుంది. అరిగిన క్లచ్ మాత్రం కొన్నవాడి పాలవుతుంది. చెప్పకుండా చేయించిన మార్పులు బయటపడితే బీమా కంపెనీతో గొడవ, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుతో ఇబ్బంది అదనం. స్కోడాల మీదే చెయ్యి తిరిగిన మెకానిక్ దగ్గరుండే స్కానర్ ఇంజను, గేర్‌బాక్సుల్లో దాగి ఉన్న తప్పులను చాలావరకు చదివేస్తుంది. ఆ పూటకు అతను అడిగిన డబ్బు దగ్గర బేరమాడకూడదు.

ఇక నీళ్లు. 2020 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో కార్లు కాగితప్పడవల్లా కొట్టుకుపోవడం అందరూ చూశారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, కళ్లముందే బండి మునిగిపోతుంటే ఏమీ చేయలేకపోయిన కుటుంబాలు ఎన్నో. ఆ బండ్లలో కొన్ని తుక్కుకు పోయాయి. కొన్ని ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి, అత్తరు చల్లుకుని మళ్లీ మార్కెట్‌కు వస్తాయి. కంప్యూటర్లూ సెన్సర్లూ ఇంత దట్టంగా ఉన్న సెడాన్‌కు వరదనీరు నిదానంగా పనిచేసే విషం. కనెక్టర్లలో తుప్పు ఆరు నెలలకు బయటపడుతుంది. సీటుబెల్టును చివరిదాకా బయటికి లాగి చూస్తే, చుట్టలో దాక్కున్న భాగం మీద బురద చార కనిపించవచ్చు. స్పేరు చక్రం కింద గుంటలో ఒండ్రు, సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు, కార్పెట్ ఎత్తితే ముక్కవాసన, ఇవి ఏ అత్తరుకూ లొంగవు.

ఒకప్పుడు నంబరు ప్లేటే కొంత చెప్పేది. ఏపీ 16 అంటే కృష్ణా జిల్లా బండి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 సిరీస్ వచ్చాక నంబరు చూసి ఊరు పోల్చడం కుదరదు. ఆర్‌సీలో చిరునామా చూడాల్సిందే. బీమా కంపెనీ దగ్గర పాత క్లెయిములు, కంపెనీ సర్వీస్ సెంటరులో నంబరు చెబితే వచ్చే సర్వీసు చరిత్ర ఈ రెండూ తెప్పించుకుంటే కిలోమీటర్ల ముల్లు వెనక్కి తిప్పారా అన్నదీ తేలిపోతుంది. టైర్ల మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. 30 వేలే తిరిగిందన్న బండికి నాలుగు టైర్లూ ఇప్పటికే రెండోసారి మారి ఉంటే ఎందుకని అడగాలి.

కాగితాలు విసుగు పుట్టించే పనే గాని వాయిదా వేయకూడనిది. ఫారం 29, 30ల మీద సంతకాలు, లోను ఉంటే ఫారం 35తో హైపోథికేషన్ రద్దు, వేరే రాష్ట్రం బండికి ఎన్‌ఓసీ. దిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో హరిత ట్రైబ్యునల్ ఆంక్షలు పెట్టాక అక్కడి స్కోడా లారా, ఆక్టేవియాలు చవగ్గా దక్షిణానికి రావడం మొదలైంది. ఇక్కడ జీవితకాల పన్ను మళ్లీ కట్టాలన్న లెక్క వేసుకుంటే ఆ చవకలో చాలా భాగం కరిగిపోతుంది. 15 ఏళ్లు దాటిన సివిక్‌కు ఫిట్‌నెస్ పరీక్ష, రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటాయి. ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. బీమాను 14 రోజుల్లో తన పేరుకు మార్పించుకోకపోతే సొంత బండికి దెబ్బ తగిలినప్పుడు చేతికి ఏమీ రాదు. అమ్మినవాడికీ ఇందులో భయం ఉంది. ప్రమాదం జరిగిన రోజున ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరని నవీన్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. ఎన్ని చేతులు మారినా అంతే.

ఇవన్నీ చూసుకున్నాక కూడా చేతిలో ఉన్న మొత్తమంతా బండికే పెట్టకూడదు. కనీసం ఐదో వంతు పక్కన ఉంచుకోవాలి. తెచ్చిన మొదటి నెలలోనే నూనెలు, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ, అవసరమైతే నాలుగు మంచి టైర్లు. తండ్రి భయం ఈ డబ్బు పక్కన లేకపోవడం గురించే. అది ఉందని చూపిస్తే చాలా ఇళ్లలో సగం గొడవ చల్లారుతుంది.

నిజంగా బాగా చూసుకున్న బండి దొరికినప్పుడు అది ఎక్కువసేపు దాగదు. రెండో తాళంచెవి అడక్కముందే బల్లమీదికి వస్తుంది. దానితోపాటు తేదీల వారీగా బిల్లులు గుచ్చిన లావుపాటి ఫైలు. ఆ ఓనరు డాక్టరు కానక్కర్లేదు. బ్యాంకు ఉద్యోగో, కాలేజీ లెక్చరరో, ఆర్టీసీలో రిటైరైన ఇంజనీరో అయి ఉంటాడు. ఏ షెడ్డులో చూపిస్తున్నాడో, ఏసీ కంప్రెషర్ ఏ ఏడు మారిందో, ఇంటి సందులో స్పీడ్ బ్రేకర్‌ను ఏ పక్కనుంచి ఎక్కించాలో ఒక్కొక్కటీ చెబుతాడు. బండి గేటు దాటాక కూడా రోడ్డు మీదికి నాలుగడుగులు వస్తాడు. అద్దం దించమని సైగచేసి, "ఎప్పుడైనా అమ్మాలనుకుంటే ముందు నాకు ఫోన్ చెయ్యి బాబూ" అంటాడు.