మన యిండ్లలోని పాత చేతిగడియారములు

మన బీరువా సొరుగులలో పనిచేయక పడియున్న వస్తువులలో పాత చేతిగడియారము తప్పక యొకటి యుండును. దాని యద్దము మసకబారి, పట్టీ తెగి, ముండ్లు ఏదో యొక వేళయొద్ద నిలిచి యుండును. పారవేయుటకు మనసొప్పదు; బాగుచేయించుటకు తీరిక చిక్కదు. సెల్లుఫోను వచ్చిన పిదప వేళ తెలిసికొనుటకు దానితో పనియును లేదు. అట్టి గడియారములను గూర్చి నాలుగు మాటలు విన్నవింప దలచితిని.

ఈ నడుమ పట్టణములలో పాత చేతిగడియారములను సేకరించువారు పెక్కండ్రు బయలుదేరిరి. తమయొద్దనున్న వానిలో మిక్కిలి పాతదానిని ఒండొరులకు చూపి, అది యెట్లు వచ్చినదో, ఎవరి చేతి నుండెనో చెప్పుకొని సంతోషింతురు. గడియారముల వేడుక మన సీమకు క్రొత్త గాదు. హైదరాబాదులో మూడవ సాలార్జంగు మీర్ యూసుఫ్ అలీఖాను గారు (1889–1949) కూర్చిన వస్తువులలో నొక గడియారము కలదు. గంటగంటకును అందులోనుండి యొక బొమ్మ వెలువడి గంట కొట్టును. దానిని చూచుటకు నేటికిని ఆ మ్యూజియములో జనము గుమిగూడుదురు. కాని నవాబు గారి సేకరణము వేరు, మన సొరుగు వేరు. మన యింటి గడియారమునకు వెల స్వల్పము, కథ యధికము. అయితే ఆ కథను ఇంటిలో నెవరు చెప్పుచున్నారను దానిని బట్టి యది మారుచుండును.

మన పెద్దల కాలమున దినమునకు అరువది గడియలు. గడియ యనగా నేటి లెక్కకు 24 నిమిషములు. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటిపై విడిచిన నది నిండి మునుగుటకు పట్టు కాలమే గడియ. గడియారమను పేరు దాని నుండి వచ్చినదే. మా తాతగారు నాకు ఇంటియొద్ద చదువు చెప్పునపుడు భాస్కరాచార్యుల లీలావతీ గణితమును గూర్చి యొక కథ చెప్పెడివారు. 1587లో ఫైజీ ఆ గ్రంథమును పారసీకములోనికి మార్చుచు పీఠికలో వ్రాసిన కథ యది. కుమార్తె వివాహమునకు ఒకే యొక శుభముహూర్తము కలదని యెరిగి తండ్రి గిన్నెను నీట నుంచెను. ఆ బాలిక వేడుకతో వంగి చూడగా ఆమె నగలోని ముత్యము జారి రంధ్రమున కడ్డుపడెను. గిన్నె మునుగలేదు, ముహూర్తము దాటిపోయెను. తండ్రి ఆమె పేర గ్రంథము వ్రాసి ఓదార్చెనట. కథ నిజమగునో కాదో గాని, గడియారమునకును ఆడుబిడ్డ పెండ్లికిని గల సంబంధము నాటిదే యని దీనివలన తోచుచున్నది.

చేతిగడియారము మొదట స్త్రీల నగ యన్న సంగతి మనలో పెక్కండ్రకు తెలియదు. నేపుల్సు రాణి కరోలిన్ మ్యురా 1810లో కోరగా, పారిసు నగరమున బ్రెగే యను శిల్పి మణికట్టునకు ధరించు గడియారమును జేసి 1812లో నిచ్చెను. 1868లో స్విట్జర్లాండున పతేక్ ఫిలిప్ వారు హంగేరీ దేశపు దొరసాని కొకటి చేసిరి. పురుషులు మాత్రము జేబులో గొలుసుగడియారము నుంచుకొనువారు. చేతికి కట్టుకొనుట ఆడువారి సింగారమని నవ్వెడివారు. 1914–18 నడుమ జరిగిన మహాయుద్ధములో కందకములయందలి సైనికులకు జేబు తడవుకొను నవకాశము లేకపోయెను. అప్పుడు చేతిగడియారము పురుషుని యలంకారమైనది. మన యూళ్లకు వచ్చునప్పటి కది పెండ్లికుమారుని హక్కుగా మారియుండెను.

1961వ సంవత్సరమున బెంగుళూరులో హిందూస్థాన్ మెషిన్ టూల్సు వారు జపానులోని సిటిజన్ కంపెనీ సహకారముతో చేతిగడియారములు చేయ నారంభించిరి. హెచ్.ఎమ్.టి. యని మనమనునది దానినే. జనతా, పైలట్, సోనా, కాంచన్ యను పేర్లు పల్లెపల్లెకును ప్రాకినవి. అదే 1961లో వరకట్న నిషేధ శాసనమును వచ్చినది. శాసనము కాగితముపై నుండెను. గడియారము మాత్రము సైకిలును రేడియోను వెంటబెట్టుకొని పెండ్లిపందిళ్లలోనికి నడచివచ్చెను. ఆ మూడును లేనిదే పీటలమీద కూర్చుండని వరులు ఆ దినములలో నెందరో!

మొన్నటి సంక్రాంతి నోములకు మా బాన్సువాడలో ఇరుగుపొరుగు స్త్రీలు మా యింటికి వచ్చునపుడు, మీ యిండ్లలోని మిక్కిలి పాత చేతిగడియారమును తెండని కోరితిని. పసుపుకుంకుమల పళ్లెము ప్రక్కనే గడియారముల పళ్లెము వెలసినది.

ఒక వృద్ధురాలు తన మామగారి స్విస్సు గడియారమును దెచ్చెను. ఒకప్పుడు దాని యంకెలు చీకటిలో పచ్చగా వెలిగెడివట. పూర్వపు గడియారములకు అట్లు వెలుగుటకై రేడియము కలిపిన రంగు పూసెడివారు. అమెరికాలో 1917 మొదలుకొని ఆ రంగు పూయుటకు బాలికలను నియమించిరి. కుంచె మొన సన్నమగుటకై వారు దానిని పెదవులతో తడిపెడివారు. రేడియము ఎముకలలో చేరి పలువురు దవడలు పుచ్చి మరణించిరి. న్యూజెర్సీలో ఐదుగురు స్త్రీలు జబ్బుతోనే న్యాయస్థానమున పోరాడి 1928లో పరిహారము పొందిరి. వెలుగు చచ్చినను రేడియము చావదు. అది సగమగుటకు 1600 ఏండ్లు పట్టును. కావున అట్టి గడియారమును ఇంటియందు మూత విప్పరాదు. పిల్లలకు ఆటకు ఇయ్యరాదు. ఈ మాట చెప్పగా ఆమె దానిని నెమ్మదిగా గుడ్డలో చుట్టి ప్రత్యేకముగా నుంచెను.

వేరొక సోదరి భర్త ఏండ్ల తరబడి దుబాయిలో కూలిపని చేసెను. మన జిల్లానుండి గల్ఫు దేశములకు పోయినవారి లెక్క మీకు తెలియనిది గాదు. మొదటి సెలవున వచ్చినపుడు అతడు తన జపాను గడియారమును ఆమె కిచ్చి పోయెను. అక్కడి కాలము మనకన్న గంటన్నర వెనుక. ఆమె ముండ్లను ముందుకు జరుపలేదు. "ఇప్పుడు లేచియుండును, ఇప్పుడు పనికి పోవుచుండును" అని చూచుకొనుటకే ఆ గడియారము. అతడు తిరిగివచ్చి పదేండ్లయినను అది నేటికిని దుబాయి వేళనే చూపుచున్నది.

మూడవది హైదరాబాదులో తయారైన ఆల్విన్ గడియారము. 1942లో స్థాపింపబడిన ఆల్విన్ సంస్థ, 1980ల దశకమున జపానులోని సీకో వారి సహకారముతో గడియారములు చేసినది. నేడా గడియారములు తయారగుట లేదు. ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయిని యొకామె దానిని తన మొదటి జీతముతో కొన్నదట. "ఇది నా కెవరును పెట్టినది గాదు, నేను కొనుక్కొన్నది" అని ఆమె చెప్పినపుడు అక్కడి పడుచుపిల్లలందరును తలయెత్తి చూచిరి.

చివరకు మా యింటిది. అది 1968 నాటి జనతా. కీర్తిశేషులగు మా మామగారు నిజాంసాగరు కాలువమీద లష్కరుగా పనిచేసిరి. మంజీరా నదిపై 1923 మొదలు 1931 వరకు కట్టిన ఆ జలాశయపు నీరే మా ప్రాంతపు వరిమళ్లకు ప్రాణము. వేసవి పంటకు నీరు వంతులవారీగా విడుతురు. ఏ తూము ఎప్పుడెత్తవలెనో, ఎప్పుడు దింపవలెనో అన్నదానిపై రైతులు కలహింపగా, మా మామగారు చేయి చాచి గడియారము చూపెడివారట. "లష్కరు గడియారము తప్పదు" అని చుట్టుప్రక్కల నాలుగూళ్లలో పేరు. మా యింటిలో నేను విన్న కథ యింతవరకే.

ఆనాడు మా అత్తగారు పళ్లెములోని ఆ గడియారమును చేతిలోనికి తీసికొని, మెల్లగా నిట్లనిరి: "ఇది మా నాయిన బర్రెనమ్మి కొన్నది బిడ్డా. పాలిచ్చే బర్రె. ఆ యేడు మా తమ్ముండ్లకు చల్ల లేకుండె."

నేను కాపురమునకు వచ్చి పదునైదేండ్లయినది. ఈ మాట నేను గాని, నా భర్త గాని, మా మరిది గాని యెన్నడును విని యుండలేదు. ఎవరు నడుగలేదు గనుక ఆమెయును చెప్పలేదు.

నే నడుగగా ఆమె మరికొంత చెప్పిరి. ఆ గడియారమునకు బ్యాటరీ లేదు. లోపలి స్ప్రింగును చుట్టినగాని నడవదు. చుట్టిన స్ప్రింగు విప్పుకొనుచు చిన్న చక్రమును అటునిటు నూపును. సెకండునకు ఐదు మారులు, గంటకు 18,000 మారులు, దినమునకు 4,32,000 మారులు కొట్టుకొనును. ఒకనాడు కీ యిచ్చుట మరచిన మరునాటికి నిలిచిపోవును. మామగారు స్నానమునకు పోవుచు దానిని గూటిలో నుంచగా, పొయ్యి రాజేసి వచ్చి కీ యిచ్చుట అత్తగారి పని. రేడియోలో వార్తలకు ముందు వచ్చు కూతతో వేళ సరిచేయుటయు ఆమె పనియే. అక్షరములు రాని ఆమె ముండ్లు చూచి వేళ చెప్పుట తనంతట తానే నేర్చినది. నలుబదేండ్లు నాలుగూళ్ల నీటివంతులు తప్పక నడచినది ఆమె వ్రేళ్లు త్రిప్పిన కీతో. ఆ గడియారమును ఆమె ఒక్కనాడైనను చేతికి పెట్టుకొని యెరుగరు.

అప్పటికే మా మరిది దానిని అమ్మదలచి యుండెను. హైదరాబాదులోని సేకరణకర్త యొకరు మంచి వెల యిత్తుమనిరి. హెచ్.ఎమ్.టి. వారి గడియారముల విభాగమును మూయుటకు 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన పిమ్మట వానికి గిరాకి పెరిగినది. మరిదికి కూతురి చదువు ఖర్చు మీదనుండెను. అతని యాలోచన తప్పని నేననను. ఆ సాయంకాలమున సంగతి యెత్తగా అత్తగారు, "అమ్ముతరో ఉంచుకుంటరో మీ ఇష్టం. గని కొనేటాయనకు లష్కరు గడియారమని చెప్పకుండ్రి. బర్రె గడియారమని చెప్పుండ్రి" అనిరి.

మా మరిది కొంతసేపు మాటాడలేదు. పిదప దానిని తీసికొనిపోయి బజారులోని గడియారముల పనివానికిచ్చి నూనె వేయించి, క్రొత్త పట్టీ కట్టించి తెచ్చెను. ఖర్చునకు అన్నదమ్ములు వేరుదారి చూచుకొనిరి. ఇప్పుడది డెబ్బదిమూడేండ్ల మా అత్తగారి చేతికే యున్నది. మగవారి గడియారమగుటచే ఆ సన్నని చేతిపై జారుచుండును. ఆమె దానిని మోచేతివైపు త్రోసుకొని పని చేసికొందురు.

సోదరీమణులారా! మీ యిండ్లలో నిట్టివి యున్నచో కొన్ని జాగ్రత్తలు చెప్పెదను. కీ యిచ్చు గడియారమును దినమును ఒకే వేళ త్రిప్పుడు. బిగువు తోచగానే ఆపుడు, బలవంతము చేయకుడు. నీటి తడిని, వంటింటి ఆవిరిని తగులనీయకుడు. కొన్ని యేండ్లకొకమారు శుభ్రము చేయించుడు. డయలు మాసినదని క్రొత్త రంగు వేయింపకుడు. సేకరించువారు రంగు పూసినదానికన్న మాసిన నిజమైన డయలునే యెక్కువగా నెంతురు. బ్యాటరీ గడియారము నిలిచిపోయినచో బ్యాటరీని తీయింపుడు. లేనిచో అది కారి లోపలి భాగములను చెరచును.

వీనన్నిటికన్న ముఖ్యమైనది మరొకటి. ఆ గడియారముతోపాటు ఒక చీటి వ్రాసి యుంచుడు. ఎవరు ధరించిరో మాత్రమే గాక, ఎవరి సొమ్ముతో వచ్చినదో, దేనినమ్మి తెచ్చిరో, ఎవరు కీ యిచ్చిరో వ్రాయుడు. ఇంటిలోని వృద్ధురాండ్రను నేడే యడుగుడు. వారు తమంతట తాము చెప్పరు. నేడు గడియారము పోయి మోటారుసైకిలును కారును పెండ్లిపందిళ్లలోనికి వచ్చినవి. వాని కొరకు ఏ యింట నేమి యమ్ముడుపోవుచున్నదో మన కొమాళ్లకు తెలియవలెనన్నచో, తాతగారి గడియారము వెనుకనున్న బర్రె కథను వారికి చిన్ననాడే చెప్పవలెను. మా యింటి చీటిని నేను వ్రాసి, మా అత్తగారికి చదివి వినిపించి, మా మరిది కూతురి చేతికిచ్చితిని. మీరును మీ చీట్లను వ్రాసి, వీలైనచో ఈ పత్రిక ద్వారా మాకును తెలుపుదురని ప్రార్థన.