కార్డు ఊళ్ళో, ఆకలి పట్నంలో



జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ అనగానే హీరోల బంగళాలు, స్టూడియోలు గుర్తొస్తాయి. ఆ గుట్ట దిగితే కృష్ణానగర్. లైట్లు మోసేవారు, సెట్లు కట్టే వడ్రంగులు, గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులు అక్కడి ఇరుకు గదుల్లో ఉంటారు. మన పల్లెల బిడ్డలూ వారిలో ఉన్నారు. షూటింగ్ ఉంటేనే కూలి, లేకపోతే పస్తు.

2020 మార్చిలో షూటింగులు ఆగాయి. 24వ తేదీ రాత్రి ఎనిమిదికి దేశమంతటికీ లాక్‌డౌన్ ప్రకటించారు, అర్ధరాత్రి నుండే అమలు. చిరంజీవి గారి ఆధ్వర్యంలో కరోనా క్రైసిస్ చారిటీ సినీ కార్మికులకు సరుకులు పంచింది. తెలంగాణ ప్రభుత్వం తెల్ల కార్డు ఉన్నవారికి మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ప్రకటించింది. పొరుగు రాష్ట్రాల కూలీలకు 12 కిలోలు, 500 రూపాయలు. చేసిన మేలుకు దేవునికి స్తోత్రం. కానీ రేషన్ కార్డు ఊళ్ళో, ఆకలి పట్నంలో ఉన్నవాని సంగతేమిటి? ఎలాగో ఊరు చేరితే, ఎన్నో పల్లెల పొలిమేరల్లో ముళ్ళకంప ఎదురైంది. సొంత ఊరికే పరదేశి అయ్యాడు.

అదే హైదరాబాదులో, బాలాపూర్ వైపు గుడిసెల్లో రోహింగ్యా శరణార్థులు కూలి చేసుకుంటున్నారు. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. వారికి తిరిగి వెళ్ళే ఊరు కూడా లేదు.

ద్వితీయోపదేశకాండము 24:14, 15 చదవండి. బీద కూలివాని కూలి ఆ రోజే, పొద్దు కుంకక ముందే ఇవ్వమని ఆజ్ఞ. సహోదరుడైనా పరదేశియైనా ఒకటే న్యాయం. దేవుడు అక్కడ ఏ కార్డూ అడగలేదు, వాని ఆకలినే చూశాడు. మన ప్రభువు కూడా పసితనంలో ఐగుప్తుకు పారిపోయిన కుటుంబపు బిడ్డ, వడ్రంగి ఇంట పెరిగినవాడు.

కాబట్టి ప్రార్థనతో పాటు పని కూడా చేద్దాం. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ నమోదు మొదలైంది. పట్నంలో ఉన్న మీ పిల్లలకు ఫోన్ చేసి పేరు రాయించుకున్నారా అని అడగండి. ఒకే దేశం ఒకే రేషన్ పథకంలో ఊరి కార్డుతో అక్కడే బియ్యం తీసుకోవచ్చని చెప్పండి. ఆదివారం ఆరాధన తర్వాత ఆధార్, బ్యాంకు పుస్తకం తెస్తే మన యౌవనస్థులు సాయం చేస్తారు. మన చేలలో కలుపు తీసిన వారి కూలి రేపటికి వాయిదా వేయకుండా చూద్దాం.

పరదేశులను కాపాడు దేవుడు మనకు అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.