ఒకే జట్టు, రెండు దారులు



మనకు కీడు చేయువాడు ఎక్కడో దూరమునుండి వచ్చునని తలంతుము. కాని మన పంక్తిని భుజించినవాడే మనలను పట్టియిచ్చుట కలదు. కీర్తనకారుడు మొరపెట్టినదియు ఇట్టి గాయమును గూర్చియే. ఆ మొర చదివినప్పుడెల్ల హాలండు దేశపు ఇద్దరు బాక్సర్లు నాకు జ్ఞాపకము వత్తురు.

1928లో ఆమ్‌స్టర్‌డాము నగరమున ఒలింపిక్ పోటీలు జరిగెను. హాలండు బాక్సింగు జట్టులో బెన్ బ్రిల్ అను పదునారేండ్ల యూదు బాలుడుండెను. అదే జట్టులో సామ్ ఓలై అను హెవీవెయిట్ యోధుడును ఉండెను. ఇద్దరిదియు ఒకే జెండా.

1940 మే నెలలో జర్మను సైన్యము ఆ దేశమును ఆక్రమించెను. ఓలై నాజీల పక్షమున చేరి యూదులను పట్టుకొను పనిలో పాలుపొందెను. 1943లో దాగిన యూదులను పట్టితెచ్చువారికి తలకు ఏడున్నర గిల్డర్లు ముట్టెడివి. మనుష్యుని వెల అంతే! ఆ దేశమునుండి చెరగొనిపోబడిన యూదులు సుమారు 1,07,000 మంది. తిరిగివచ్చినవారు సుమారు 5,000 మంది మాత్రమే. బ్రిల్‌ను శత్రువుల చేతికి చిక్కించినది ఓలై కుటుంబమే.

బ్రిల్ ఫుఖ్ట్, వెస్టర్‌బోర్క్, బెర్గెన్‌-బెల్సెన్ శిబిరములలో చెరననుభవించెను. తోడి ఖైదీని కొరడాతో కొట్టుమని ఆజ్ఞాపింపగా, శిక్షకు సిద్ధపడి, ఆ ముష్టియోధుడు చేయి ఎత్తననెనని చెప్పుదురు. అతడు బ్రదికి బయటపడెను గాని అతని తోబుట్టువులలో అనేకులు తిరిగి రాలేదు. యుద్ధానంతరము అతడు రిఫరీయై, ఉభయులకు న్యాయము తీర్చువాడుగా మరల బరిలో నిలిచెను. 2003లో కన్నుమూసెను.

ఓలై కథ మొదట చదివినప్పుడు నేను ఛీ అనుకొంటిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సెమినరీలో నాతో ఒకే గదిలో నున్న స్నేహితునిపై దొంగతనము మోపబడెను. ఆ సాయంత్రమంతయు అతడు నా యొద్దనే చదువుకొనుచుండెనని నేనెరుగుదును. అయినను పెద్దలడిగినప్పుడు, వారి దయ తప్పునేమోనని, “నాకు తెలియదు” అంటిని. అతడు పెట్టె సర్దుకొని వెళ్లిపోయెను. నేను పట్టము పుచ్చుకొని, ముప్పది యేండ్లుగా సత్యమును గూర్చి ప్రసంగించుచున్నాను. నా పాపము ఓలై పాపమంతటిది కాదు. కాని రెంటికిని విత్తనమొకటే: నా క్షేమముకొరకు నా ప్రక్కవానిని విడిచితిని.

మొన్న అతని విలాసము కనుగొని ఉత్తరము వ్రాసితిని. జవాబింకను రాలేదు. రాకపోయినను వ్రాయవలసినదే.

చదువరీ, నీవు వ్రాయవలసిన ఉత్తరమేదైన మిగిలియున్నదా? దీపమార్పకముందే కాగితము తీయుము.