బండెక్కిన ఓడ

బాలలూ! “ఓడలు బళ్ళు అవుతాయి, బళ్ళు ఓడలు అవుతాయి” అనే సామెత మీరు వినే ఉంటారు. మనుషుల కలిమిలేముల గురించి మనవాళ్ళు ఆ మాట అంటారు. అయితే నిజంగానే బండెక్కి ఊళ్ళు తిరిగే ఓడలు ఉన్నాయి. రోడ్డు మీద అవి బండి సామాను. నీటి దగ్గరకు వచ్చాక స్తంభం నిలబెట్టి, తెరచాప కట్టి, తాళ్ళు బిగిస్తే అవే ఓడలు. ఈ పనిని త్వరగా, తప్పు లేకుండా చేయడం ఒక విద్య. ఆ విద్య ఎలా వస్తుందో ఈసారి తెలుసుకుందాం.

మీరు ఎ.కొండూరులో ఉన్నారనుకోండి. విజయవాడ నుంచి తిరువూరు వెళ్ళే పెద్ద రోడ్డు మీద ఉన్నది ఆ ఊరు. 2022కు ముందు అది కృష్ణా జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలోని మండల కేంద్రం. ఆ వైపున మామిడి తోటలు ఉన్నాయి, పత్తి చేలు ఉన్నాయి, చెరువులు ఉన్నాయి. సముద్రం మాత్రం చాలా దూరం. తాటిదోనెను గాని, పుట్టిని గాని చూచినవారు అక్కడ ఉంటారు కాని, తెరచాప పడవను దగ్గరగా చూచిన పిల్లలు తక్కువే. అందుచేత మనం ఎ.కొండూరు నుంచే బయలుదేరుదాం.

బస్సు మైలవరం దాటి, కొయ్యబొమ్మలకు పేరుపడ్డ కొండపల్లి మీదుగా ఇబ్రహీంపట్నం చేరుతుంది. అక్కడ కృష్ణానది పలకరిస్తుంది. ఒకప్పుడు ఈ నది కింది కాలువలలో తెరచాపలు ఎత్తిన సరుకు పడవలు నడిచేవి. గాలి లేనప్పుడు పడవవాళ్ళు గట్టున నడుస్తూ తాళ్ళతో వాటిని లాగేవారు. లారీలు, రైళ్ళు ఎక్కువయ్యాక ఆ పడవలు తగ్గిపోయాయి. ఇబ్రహీంపట్నంలో మనం పడమటికి తిరుగుదాం. నందిగామ, కోదాడ, సూర్యాపేట దాటితే హైదరాబాదు. అక్కడ, నగరం నడిబొడ్డున, మనం చూడబోయే పడవలు ఉన్నాయి.

హుస్సేన్ సాగర్ హైదరాబాదు కన్నా వయసులో పెద్దది. హైదరాబాదును 1591లో కట్టారు. ఈ చెరువును అంతకు ముందే, ఇబ్రహీం కుతుబ్ షా పాలించిన కాలంలో తవ్వించారు. చెరువు మధ్య నిలబడిన బుద్ధుడి విగ్రహాన్ని మీరు బొమ్మలలో చూచి ఉంటారు. 1990లో ఆ విగ్రహాన్ని బల్లకట్టు మీద తరలిస్తుండగా అది నీటిలో పడిపోయింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. 1992లో విగ్రహాన్ని పైకి తీసి నిలబెట్టారు. నీరు ఎంత నిమ్మళంగా కనిపించినా, దాని మీద పని చేసేవాళ్ళు ఏమరుపాటుగా ఉండరాదని ఆ చెరువు మనకు చెబుతూనే ఉంటుంది.

ఈ చెరువులోనే వానకాలంలో, గాలి బాగా వీచే రోజులలో, తెరచాప పడవల పందేలు జరుగుతాయి. 2009లో మొదలైన హైదరాబాదు యాట్ క్లబ్బు పేదపిల్లలకు కూడా ఈ విద్య నేర్పుతూ వచ్చింది. పిల్లలు వాడే చిన్న పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో క్లార్క్ మిల్స్ అనే పడవలు కట్టే ఆయన దీనిని తయారు చేశాడు. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. చూడడానికి ముక్కు కత్తిరించిన తొట్టిలా ఉంటుంది. ఇద్దరు పిల్లలు కలిసి దీనిని రెండు చక్రాల బండి మీద నీటి దాకా తోసుకుపోగలరు.

ఇంకొంచెం పెద్ద పిల్లలు వాడేది లేజర్. 1969లో, కారు పైకప్పు మీద పెట్టుకుపోగల పడవ ఒకటి కావాలని మిత్రుడొకడు అడిగితే, కెనడా దేశస్థుడైన బ్రూస్ కిర్బీ దీని బొమ్మ గీశాడు. పడవ 4.2 మీటర్ల పొడవు, 59 కిలోల బరువు. స్తంభం రెండు ముక్కలుగా విడిపోతుంది. 1996 నుంచి ఒలింపిక్ పందేలలో కూడా ఉన్నది. ఇప్పుడు దీనిని ఐ.ఎల్.సి.ఎ. అనే పేరుతో పిలుస్తున్నారు.

సరే, బండి మీద ఉన్న పడవను సిద్ధం చేద్దాం. ముందుగా ఏం చేయాలి? తాళ్ళు పట్టుకోవాలా? కాదు. ముందు గాలి ఎటునుంచి వస్తున్నదో చూడాలి. పడవ ముక్కును గాలికి ఎదురుగా తిప్పి నిలపాలి. అప్పుడు తెరచాప ఎత్తినా అది దండెం మీది చీరలాగా రెపరెపలాడుతుందే తప్ప గాలిని పట్టదు. పక్కనుంచి గాలి తగిలితే మాత్రం తెరచాప ఉబ్బి, పడవ బండి మీదనే పక్కకు ఒరిగిపోతుంది.

తరువాత తల ఎత్తి పైకి చూడాలి. ఇది మరచిపోరాదు. ఇప్పటి స్తంభాలు చాలావరకు అల్యూమినియంతో చేసినవి. అల్యూమినియంలో విద్యుత్తు సులువుగా పారుతుంది. కారు వెనుక ట్రైలరు మీద వచ్చే పెద్ద పడవల స్తంభాలు ఇంటి కప్పు కన్నా ఎత్తు ఉంటాయి. కరెంటు తీగల కింద అటువంటి స్తంభాన్ని నిలబెడితే ప్రాణానికే ముప్పు. అందుకని తీగలు లేని బయలు చూచుకుని, అక్కడనే స్తంభం ఎత్తాలి. ఎత్తిన తరువాత నీటి దాకా నడిచే దారిలో కూడా తీగలు లేవని చూచుకోవాలి.

మూడవది స్తంభం. ఆప్టిమిస్ట్‌లో దానిని పడవ ముందు భాగాన ఉన్న గుంటలో నిలబెట్టి, ఊడిరాకుండా తాడుతోనో పట్టీతోనో బిగిస్తారు. “గుంటలో గట్టిగానే ఉన్నది కదా, మళ్ళీ బిగించడం ఎందుకు?” అని మీకు తోచవచ్చు. పడవ బోర్లా పడితే స్తంభం తలకిందులవుతుంది గనక, బిగింపు లేకపోతే జారి బయటికి వస్తుంది. ఒకప్పుడు పడవను కూడా చీలుస్తుంది.

నాలుగవది తెరచాప. దానిని స్తంభానికీ, కింది అడ్డకర్రకూ చిన్న చిన్న తాళ్ళతో కడతారు. లేజర్ తెరచాపకు ఒక పక్కన పొడుగాటి గొట్టంలాంటి కుట్టు ఉంటుంది. దిండుకు గలీబు తొడిగినట్లు దానిని స్తంభానికి తొడిగితే సరి. తరువాత, తెరచాపను లాగే తాడును కప్పీల గుండా తీసి, చివర ఎనిమిది అంకెలాంటి ముడి వేస్తారు. ఆ ముడి లేకపోతే, గాలి కొట్టినప్పుడు తాడు కప్పీలోనుంచి జారిపోతుంది. పడవ మన మాట వినదు.

ఐదవది చుక్కాని, నడిమి పలక. పలక పడవ మధ్యలో ఉన్న సందులోనుంచి నీటిలోకి దిగుతుంది. దాని పని ఏమిటో తెలియాలంటే తడిసిన పుచ్చగింజను రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కండి. గింజ ముందుకు దూకుతుంది. పడవ కూడా అంతే. ఒక వైపునుంచి గాలి తెరచాపను నెడుతుంది. రెండవ వైపున నీరు పలకను అడ్డుకుంటుంది. రెంటి మధ్య పడవ ముందుకు సాగుతుంది. పలక మరచిపోతే పడవ ముందుకు పోవడానికి బదులు పక్కకు జారుకుపోతుంది.

ఆరవది చిన్నవస్తువు, పెద్దపని. లేజర్ వెనుక భాగాన, లోపల చేరిన నీరు పోవడానికి ఒక రంధ్రం ఉంటుంది. దానికి బిరడా బిగించాలి. బిరడా లేకుండా నీటిలోకి తోస్తే పడవ నెమ్మదిగా నీరు తాగుతుంది. ఒడ్డున ఎవరికీ ఏమీ తెలియదు, చెరువు మధ్యకు పోయాక తెలుస్తుంది. ఆప్టిమిస్ట్‌లో గాలి సంచులు నిండా ఊదారో లేదో చూడాలి. నీళ్ళు తోడే డబ్బాను తాడుతో పడవకు కట్టాలి. పడవ ఎక్కేవాళ్ళు లైఫ్ జాకెట్టు తొడుక్కుని, పట్టీలు బిగించుకోవాలి.

ఇంత పని ఉంటే త్వరగా చేయడం ఎట్లా? పందెం ఎవరికోసమూ ఆగదు. బయలుదేరే గుర్తుకు 5 నిమిషాల ముందు మొదటి హెచ్చరిక వినిపిస్తుంది. అప్పటికి పడవలన్నీ నీటి మీద ఉండాలి. కాని తొందరపడి చేతులు గబగబా ఆడిస్తే ముడి తప్పు పడుతుంది, బిరడా ఒడ్డుననే ఉండిపోతుంది. వేగం తొందరలో లేదు, వరుసలో ఉన్నది.

మీ ఇంట్లో పెద్దలను అడగండి. పూర్వం రైతు తెల్లవారుజామున దీపం కూడా లేకుండా బండి కట్టేవాడు. కాడి ఎక్కడ ఉన్నదో, పలుపుతాడు ఏ కొయ్యకు వేలాడుతున్నదో ఆయన చేతికి తెలుసు. ఎందుకంటే, ముందురోజు సాయంత్రం ఎక్కడివి అక్కడ పెట్టినవాడు కూడా ఆయనే. పడవ విషయం కూడా ఇంతే. ఈరోజు పడవ త్వరగా సిద్ధం కావాలంటే, నిన్న దానిని చక్కగా విప్పి ఉండాలి. తాళ్ళు చుట్టి విడివిడిగా కట్టాలి. తెరచాపను ఆరబెట్టి మడతపెట్టాలి. బిరడా, చీలలు, చిన్న కప్పీలు ఒకే సంచిలో వేయాలి. ఆఖరున విప్పవలసింది మొదట విప్పరాదు. సాయంత్రం అలసిపోయి, సామానంతా ఒక కుప్పగా పడవలో పడేసి పోయినవాడు, మర్నాడు పొద్దున గాలి బాగుండగా చిక్కులు విప్పుతూ కూర్చుంటాడు.

నేర్చేవాళ్ళకు పనికివచ్చే సంగతులు ఇంకా మూడున్నాయి. ఒకటి, ప్రతిసారీ అదే వరుసలో చేయడం. మధ్యలో ఎవరైనా పిలిస్తే, చేస్తున్న పని ముగించిగాని పోరాదు. రెండు, తాళ్ళకు రంగులు. ఎర్రతాడు ఇక్కడికి, నీలితాడు అక్కడికి అని గుర్తుపెట్టుకుంటే చేయి తడుముకోదు. మూడు, ఒకరు కట్టినది ఇంకొకరు చూడడం. మన తప్పు మన కంటికి కనిపించకపోయినా, పక్కవాడి కంటికి కనిపిస్తుంది. అభ్యాసం ఉన్న పిల్లలు ఈ విధంగా ఆప్టిమిస్ట్‌ను పది పదిహేను నిమిషాలలో సిద్ధం చేయగలరు.

సముద్రం లేని ఊళ్ళ పిల్లలకు ఇదంతా ఎందుకని అనుకుంటున్నారా? మధ్యప్రదేశ్‌కు సముద్రమే లేదు. అక్కడి దేవాస్ జిల్లాలోని ఒక పల్లెలో రైతు ఇంట పుట్టిన నేహా ఠాకూర్ భోపాల్‌లో, చెరువు మీద ఈ విద్య నేర్చింది. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో, లేజర్ పడవకే చిన్న తెరచాప కట్టిన రకంలో రజత పతకం గెలిచింది. అప్పటికి ఆమె వయసు 17 సంవత్సరాలు. హైదరాబాదులో పడవ నేర్చిన కొంగర ప్రీతి కూడా అదే క్రీడలలో మన దేశం తరఫున పాల్గొన్నది.

మీకు చెరువూ పడవా దొరకకపోయినా, తాడు దొరుకుతుంది. రెండు మూరల తాడు తీసుకుని, పడవవాళ్ళు ఎక్కువగా వాడే ఒక ముడి నేర్చుకోండి. తాడు మధ్యలో చిన్న ఉచ్చు చేయండి, అది పాము పుట్ట. ఉచ్చు కిందుగా పోయే పొడుగు తాడు వేపచెట్టు. తాడు కొస పాము. పాము పుట్టలోనుంచి పైకి వస్తుంది, చెట్టు వెనుకనుంచి ఒక చుట్టు తిరుగుతుంది, మళ్ళీ అదే పుట్టలోకి దూరుతుంది. ఇప్పుడు బిగించండి. ఎంత లాగినా ఈ ముడి జారి బిగుసుకోదు, బరువు తీసివేయగానే తేలికగా విడిపోతుంది. మొదట చూచి వేయండి, తరువాత కళ్ళు మూసుకుని వేయండి. పెద్దవాళ్ళు వెంట లేకుండా మాత్రం నీటి దగ్గరకు పోకండి. ముడి పొడినేల మీదనే వస్తుంది.