పాపాయి డయాపర్లు

మా అక్క పురిటికి హోసూరులో మా ఇంటికి వచ్చింది. బిడ్డ పుట్టింది వానాకాలంలో. అవ్వ పాత పంచెలు చించి ఇరవై గుడ్డలు సిద్ధం చేసింది కానీ ఒక్కటీ ఆరేది కాదు. రాత్రిపూటకు డయాపర్లు తేవాల్సి వచ్చింది. అంగడికి పోయేది నేనే, తెల్లారి చెత్తబండిలో వేసేదీ నేనే.

ఒకరోజు బండి దగ్గర పనిచేసే ఆమె నా సంచి విప్పి, డయాపర్లను చేత్తో ఏరి పక్కన పెట్టింది. "తంబీ, వీటిని కాగితంలో చుట్టి విడిగా ఇయ్యి" అనింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. 2016 నాటి చెత్త నిర్వహణ నియమాల్లోనూ చుట్టి ఇయ్యాలనే ఉండేదని మా సైన్స్ సార్ చెప్పినారు.

తర్వాత "మట్టిలో కలిసిపోతుంది" అని రాసి ఉన్నవి వెదికి తెచ్చాను. వెదురు నారవి, ధర రెట్టింపు. అక్క తిట్టింది. నాకూ నమ్మకం కుదరక, వాడనిది ఒకటి నీళ్లతో తడిపి కొబ్బరిచెట్టు కింద పూడ్చాను. నాలుగు నెలలకు తవ్వితే పైపొర చివికిపోయింది. లోపలి జెల్లు, అంటుపట్టీలు అట్లే ఉన్నాయి! ఆ జెల్లు సోడియం పాలీఅక్రిలేట్ అట, మట్టిలో తొందరగా కుళ్ళదు. అట్టమీద చిన్న అక్షరాల్లో "పైపొర మాత్రమే" అని ఉంది. నేనే చదవలేదు.

ఇప్పుడు పగలంతా గుడ్డలే. రాత్రికి ఒక్క డయాపర్, అదీ వాసన పూయనిది. తెల్లారి కాగితంలో చుట్టి, ఎర్ర గుర్తు వేసి ఆమె చేతికే ఇస్తాను. అవ్వ మాత్రం "ఆ ఒక్కటి కూడా ఎందుకురా?" అంటుంది. రాత్రి లేచేది అవ్వ కాదు కదా, అక్క!