కిటికీ అవతల సప్తపర్ణి

కార్తీకమాసంలో మా అక్కయ్యగారి ఊరు విశాఖపట్నం వెళ్ళాను. పగలంతా రేవులో ఓడలూ, డాల్ఫిన్స్ నోస్ కొండమీది దీపస్తంభమూ చూసి, చీకటిపడే వేళకు ఇల్లు చేరేసరికి వీధి మొగలోనే గుప్పుమని ఒక వాసన ఎదురువచ్చింది.

"ఎంత పరిమళం, అక్కయ్యా!" అన్నాను.

"నీకు పరిమళం, మీ బావగారికి ఆయాసం. ముందు ఆ కిటికీ మూయరా!" అంది.

వీధి పొడుగునా ఉన్నవి ఏడాకుల పాల చెట్లు. కణుపు దగ్గర గొడుగులాగా ఏడేసి ఆకులు ఉంటాయి గనుక సంస్కృతంలో సప్తపర్ణి అన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊళ్ళో చెట్లను కూల్చివేసింది. తరువాత నాటిన వాటిలో ఇవి చాలా ఉన్నాయి. త్వరగా ఎదుగుతాయి, ఏడాదంతా పచ్చగా ఉంటాయి, చేదుపాలకు జడిసి పశువులు ముట్టవు. ఇంకేం కావాలి? కాని పూత మొదలయ్యాక తలనొప్పి, ఆయాసం అంటూ జనం కొట్టివేయమన్నారు.

అక్కయ్య అత్తగారు మాత్రం ఒప్పుకోరు. "మన్యం జ్వరం వస్తే మా నాన్నగారు దీని బెరడు కషాయమే ఇచ్చేవారు. మందుచెట్టును నరుకుతారటయ్యా?" అన్నారు.

ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. జ్వరాలకూ, చర్మవ్యాధులకూ ఆయుర్వేదం ఈ బెరడును వాడింది. మలేరియా కోసం 1980 ప్రాంతంలో తయారైన ఆయుష్-64 మాత్రలో ఇదీ ఒక దినుసు. బెరడులోని చేదుకు ఎకిటమిన్ వంటి ఆల్కలాయిడ్లు కారణం. అయితే చేదు ఉన్నంత మాత్రాన క్వినైన్ అయిపోదు; మలేరియా క్రిమిని చంపే అంతటి శక్తి పరీక్షలలో దీనికి కనబడలేదు. జ్వరం వస్తే రక్తపరీక్షే శరణ్యం, ఇంటి కషాయం కాదు.

పూల వాసన సంగతి వేరు. అందులో ముఖ్యమైనది లినలూల్. తులసి జాతి మొక్కల్లోనూ ఉండేదే. ఒక్క చెట్టయితే హాయి, వీధంతా అదే అయితే ఉక్కిరిబిక్కిరి. రఘువంశంలో కాళిదాసు ఈ పూల వాసనను ఏనుగు మదజలంతో పోల్చాడంటే, ఆ ఘాటు ఆనాడే తెలుసునన్నమాట! వియత్నాంలోని హనోయి నగరంలో దీన్ని పాలపువ్వు అని ముద్దుగా పిలుస్తారు. అక్కడా వాసన భరించలేమని గోలపెడితే, 2018లో కొన్ని చెట్లను పెకలించి ఊరవతల చెత్త పోసేచోట నాటారు. దుర్గంధాన్ని ఆ సుగంధమే అణచాలని!

తప్పు చెట్టుది కాదు, ఇళ్ళ కిటికీల కింద ఒకే చెట్టును బారులు తీర్చిన మనది. మధ్యమధ్య వేప, పొన్న, కానుగ నాటితే నీడకు లోటుండదు, వాసనా పలచబడుతుంది.

రాత్రి భోజనాల దగ్గర ఈ మాటే అన్నాను. బావగారు నవ్వి, "కొత్తవి ఎదిగేదాకా పాతవాటిని ఉండనీ. పుష్యమాసం వచ్చేదాకా నేను పెరటిగదిలో పడుకుంటాను. అమ్మకు మందుచెట్టు, నాకు నిద్ర, రెండూ దక్కుతాయి" అన్నారు.

అక్కయ్య మారుమాటాడకుండా పరుపుచుట్ట పెరటిగదిలోకి చేర్చింది.